‘అయిపోతుందండీ’ అంటే అయిపోయినట్టేనా?

మొన్న వినాయక చవితికి నర్సీపట్నం వెళ్లాను. మా చెల్లెలు వాళ్ల వీధిలో పందిరి వేశారు. రాత్రి ఎనిమిదింటికి పిల్లల డ్యాన్సు. పట్టు పావడాలు కట్టుకుని, బుగ్గలకు రంగు పూసుకుని ఆరుగురు చిన్నపిల్లలు స్టేజీ ఎక్కి వరసగా నిలబడ్డారు. సౌండ్ సిస్టమ్ కుర్రాడు లాప్‌టాప్‌లో పాట నొక్కాడు.

పాట రాలేదు.

తెర మీద మాత్రం పాట నడుస్తూనే ఉంది. సెకన్లు కదులుతున్నాయి, ఆకుపచ్చ గీతలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. బాక్సుల్లోంచి చప్పుడు లేదు.

“ఏటైందిరా?” అన్నారు కమిటీ పెద్దాయన.

“ఏటీ లేదు మావయ్యా. వచ్చేస్తాది.”

ఐదు నిమిషాలాగి మళ్లీ అడిగారు. మళ్లీ అదే జవాబు. కుర్రాడు లాప్‌టాప్ ఆపి వేశాడు. కేబుల్ పీకి పెట్టాడు. పాట మార్చాడు. మధ్యలో మైకు అందుకుని “ఒక్క నిమిషంలో మన ప్రోగ్రాం” అని అందామనుకున్నాడు, మైకూ పలకలేదు. స్టేజీ మీద చివరి పాప ఏడుపు మొదలెట్టింది. కాటుక బుగ్గల దాకా కారింది. ఇరవై నిమిషాలు గడిచాయి. చివరికి పక్కవీధి ఎలక్ట్రీషియన్ ఒకాయన భోజనం మధ్యలోంచి లేచి వచ్చి, ఆంప్లిఫైయర్ ముందు గొంతుక్కూర్చుని, తిన్నగా ఒకే ప్రశ్న వేశాడు.

“ఈ ఎర్ర లైటు ఎప్పట్నుంచి వెలుగుతోందిరా?”

కుర్రాడు తల వంచుకున్నాడు. “మొదట్నుంచీనండి.”

స్పీకర్ వైరు చివర రెండు రాగి పోగులు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. మధ్యాహ్నం ఆ వైరు బిగించింది ఈ కుర్రాడే. తప్పు తనదేనని వాడికి లోపల అనుమానం. అందుకే లైటు చూసి కూడా నోరు మెదపలేదు. ఎలక్ట్రీషియన్ ఆంప్లిఫైయర్ ఆపి, పోగులు విడదీసి, టేపు చుట్టి మళ్లీ ఆన్ చేశాడు. రెండు నిమిషాల పని.

తర్వాత వాణ్ని అందరూ తిట్టారు. గమ్మత్తేమిటంటే, వైరు గురించి ఒక్కరూ తిట్టలేదు. తిట్టిందంతా ఆ ఇరవై నిమిషాల గురించే.

నేను హైదరాబాద్‌లో చేసే ఉద్యోగం సరిగ్గా ఆ ఎర్ర లైటు గురించే. ఆడియో డ్రైవర్లు రాస్తాను. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు మా అమ్మమ్మ “ఘాట్ రోడ్డులో తోలతావా నాయనా, జాగ్రత్త” అంది. చింతపల్లి ఘాట్ ఎక్కే జీపు డ్రైవర్లను తప్ప వేరే డ్రైవర్లను ఆవిడ ఎరగదు మరి. మా డ్రైవర్ మనిషి కాదు, ఒక చిన్న ప్రోగ్రాం. పైన పాట పాడించే యాప్ ఉంటుంది, కింద శబ్దం పుట్టించే చిప్ ఉంటుంది. ఒకరి భాష ఇంకొకరికి రాదు. మధ్యలో నిలబడి అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేసేది డ్రైవర్.

పెళ్లిళ్ల పేరయ్య కూడా చేసేది అదే కదా అంటారేమో. తేడా ఉంది. పేరయ్య రెండువైపులా ‘అంతా బాగుంది’ అని చెప్పి పని కానిస్తాడు. ‘అంతా బాగుంది’ అని మాత్రమే చెప్పే డ్రైవర్‌ని మేం చెత్తబుట్టలో పారేస్తాం. కింద చిప్ మొత్తుకుంటున్నా పైకి ‘బాగుంది’ అని పంపే డ్రైవర్ కంటే పాట ఆపేసే డ్రైవర్ నయం. తెర మీద గీతలు ఎగురుతూ బాక్సులు మూగగా ఉండటం అనేది మా వృత్తిలో అన్నిటికంటే చెడ్డ జబ్బు. ఎందుకంటే ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు.

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో మనుషుల గురించి నాకు తెలిసింది ఒకటే. తప్పు చేసి చెడినవాళ్లు తక్కువ. తప్పును సరిగా చెప్పడం రాక చెడినవాళ్లు ఎక్కువ.

200 మిల్లీసెకన్ల నిజాయితీ

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీకి టీఏఎస్ 5720 అనే చిన్న ఆంప్లిఫైయర్ చిప్ ఉంది. దానికి లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక డ్రైవర్ ఉంది. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అందులో తప్పుల్ని చూసే భాగం వంద గీతలు కూడా ఉండదు. కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందు అదే చూపిస్తాను. ప్రోగ్రామింగ్ కోసం కాదు, మర్యాద కోసం.

పాట మోగుతున్నంతసేపూ ఆ డ్రైవర్ 200 మిల్లీసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు ఐదుసార్లు, చిప్‌ని పలకరిస్తుంది. బాగున్నావా అని ఊరికే అడగదు. మూడు విషయాలు పేరుపేరునా చూస్తుంది. కరెంటు మితిమీరి లాగుతున్నావా? స్పీకర్‌కు వెళ్లకూడని డీసీ కరెంటు వెళ్తోందా? ఒళ్లు కాలిపోతోందా? ఈ మూడింటిలో ఏదైనా అయితే ఆ పేరుతోనే లాగ్‌లో, అంటే తన చిట్టాలో, రాస్తుంది. ‘ఏదో ప్రాబ్లం’ అని రాయదు.

అసలు అందం ఆ తర్వాత ఉంది. కిందటిసారి ఏం చూసిందో గుర్తుపెట్టుకుంటుంది. కొత్త తప్పయితేనే రాస్తుంది. నిమిషం క్రితం చెప్పిన తప్పే ఇంకా ఉంటే మళ్లీ రాయదు, కానీ చేతులు ముడుచుకుని కూడా కూర్చోదు. తప్పు పోయేదాకా చిప్‌ని ఒకసారి పడుకోబెట్టి లేపుతూ ఉంటుంది. ఒక్కసారి చెప్పడం, ఆ తర్వాత ప్రయత్నం ఆపకపోవడం. ఈ రెండూ కలిసిన మనిషి మీ ఆఫీసులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. ఒక చేతి వేళ్లు మిగులుతాయి.

ఇంకో ముచ్చట. గడియారం సిగ్నల్ తప్పు అని అదే చిప్ చెప్పే నాలుగో తప్పు ఒకటుంది. దాన్ని మాత్రం ఆ డ్రైవర్ కావాలనే పక్కన పెడుతుంది. ప్రతి చిన్న తుమ్మునూ పైకి మోసుకెళ్లడం నిజాయితీ కాదు. ఏది చెప్పాలో, ఏది వదిలేయాలో ముందే కూర్చుని తేల్చుకోవడం కూడా పనిలో భాగమే.

పందిట్లో కుర్రాడి దగ్గరికి రండి. ఆంప్లిఫైయర్ తన వంతు పని చేసింది. కరెంటు మితిమీరగానే స్పీకర్లు కాలిపోకుండా తనను తాను మూసుకుంది, ఎర్ర లైటు వెలిగించింది. ఆ వార్త కుర్రాడి కంటి దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. డ్రైవర్ స్థానంలో ఉన్నవాడు మింగేశాడు.

ఎందుకు మింగాడు? భయం. తిడతారని. ఇక్కడే మన లెక్క తప్పుతుంది. చెప్పిన క్షణంలో పడే తిట్టు పెద్దదిగా కనిపిస్తుంది, చెప్పని ప్రతి నిమిషానికీ పెరిగే వడ్డీ కనిపించదు. ‘నేనే వైరు సరిగా బిగించలేదేమో మావయ్యా, ఎవరినైనా పిలవండి’ అని ఎనిమిది గంటల ఒక్క నిమిషానికి అని ఉంటే, మహా అయితే ‘కళ్లెక్కడ పెట్టావురా’ అనేవారు. నవ్వుకునేవారు. అంతే.

మైనస్ 5 మనుషులు

లైనక్స్‌లో ఒక పద్ధతి ఉంది. డ్రైవర్‌కి పని చెబితే, అయితే సున్నా తిప్పి ఇస్తుంది. కాకపోతే ఒక మైనస్ అంకె ఇస్తుంది. ప్రతి అంకెకూ ఒక అర్థం. మైనస్ 16 అంటే పరికరాన్ని వేరేవాళ్లు వాడుతున్నారు. మైనస్ 19 అంటే అసలు పరికరమే లేదు, ఎవరో హెడ్‌సెట్ పీకేశారు. మైనస్ 110 అంటే అడిగాను, గడువులోగా జవాబు రాలేదు. మైనస్ 5 ఒకటుంది. ఇన్‌పుట్ అవుట్‌పుట్ తప్పు. అంటే ఎక్కడో ఏదో అయింది.

బద్ధకస్తుడు రాసిన డ్రైవర్‌ని ఎలా గుర్తుపట్టొచ్చో చెప్పనా? అన్నిటికీ మైనస్ 5 ఇస్తుంది.

మన మాటల్లో మైనస్ 5 ఎన్ని రకాలో చూడండి. ‘కొంచెం ప్రాబ్లం వచ్చిందండి.’ ‘నెట్‌వర్క్ ఇష్యూ సార్.’ ‘ఇంట్లో పరిస్థితి బాగోలేదు.’ ‘ఏదో తేడా కొడుతోంది.’ విన్నవాడు ఏం చేయాలి? సానుభూతి చూపించగలడు గానీ సాయం చేయలేడు. చాలామందికి కావల్సింది కూడా సానుభూతేననుకోండి. అది వేరే సంగతి.

ఇక సున్నా. పని కాకుండానే సున్నా ఇవ్వడం. దీనికి తెలుగులో ప్రపంచంలో ఎక్కడా లేనంత తియ్యటి మాట ఉంది: ‘అయిపోతుందండీ.’ టైలర్ అంటాడు, కాంట్రాక్టర్ అంటాడు, సాఫ్ట్‌వేర్ ఇంజినీరూ అంటాడు. అన్నవాడికి అది భవిష్యత్తు, విన్నవాడికి అది హామీ. మధ్యలో పెళ్లి జాకెట్టు ముహూర్తం దాటాక వస్తుంది. నా మటుకు నేను ఈ మాట మానేయడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడు దాని బదులు రెండు ముక్కలు చెబుతాను. ఇప్పటికి ఎంత అయింది, మిగిలింది దేని మీద ఆగింది. మొదట్లో విన్నవాళ్లు ముఖం చిట్లించేవాళ్లు. తర్వాత ఫోన్లు తగ్గాయి.

చవితి మర్నాడు నర్సీపట్నంలోనే ఒక డిగ్రీ కాలేజీలో ఫైనలియర్ పిల్లలతో మాట్లాడమన్నారు. ఉపన్యాసం ఎవరికి కావాలి? తలా ఒక చీటీ ఇచ్చాను. “మీ ప్రాజెక్టు శుక్రవారానికి అవ్వాలి. అవ్వలేదు. మీ సార్‌కి చీటీ రాయండి” అన్నాను. నలభై పైచిలుకు చీటీలు వచ్చాయి. ముప్పాతిక వంతు ఒకటే పాట: ‘సార్, కొన్ని అనివార్య కారణాల వల్ల...’ అనివార్య కారణాలు అనేవి ఈ భూమ్మీద తెలుగు లీవు లెటర్లలో తప్ప ఎక్కడా ఉండవని నా అనుమానం.

ఒక్క చీటీ దగ్గర ఆగిపోయాను. రాసిన అమ్మాయిది కొయ్యూరు వైపు పల్లె. ఇలా ఉంది:

‘సార్, లాగిన్ పేజీ పనిచేస్తోంది. ఫీజు పేజీ నిన్న సాయంత్రం నుంచి తెరుచుకోవడం లేదు. నిన్న మధ్యాహ్నం డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చింది నేనే. పాతది పెట్టి చూశాను, లాభం లేదు. రేపు పదింటికి మీరు పావుగంట ఇస్తే చూపిస్తాను. కుదరకపోతే శుక్రవారం ఫీజు పేజీ లేకుండా డెమో ఇవ్వాల్సి వస్తుంది.’

చదివాక క్లాసంతా నిశ్శబ్దం. ఇందులో క్షమాపణ లేదు, సాకు లేదు. పనిచేసేది ఏదో, చేయనిది ఏదో ఉంది. ఎప్పటి నుంచో ఉంది. తన చేయి ఎంతుందో దాచుకోకుండా ఉంది. తాను చేసి చూసింది, ఎదుటివాడు చేయాల్సింది, చేయకపోతే జరిగేది, అన్నీ ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా కంపెనీల్లో నేను చదివిన బగ్ రిపోర్టుల్లో సగం ఇంత శుభ్రంగా ఉండవు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అన్నాను. “మా నాన్న ఆర్‌ఎంపీ డాక్టరండి. జ్వరం వచ్చిందని చెబితే ఊరుకోరు, ఎప్పట్నుంచి, ఎంత, ఏం మాత్ర వేశావు అని అడుగుతారు” అంది.

అప్పుడు వాళ్లకు వాళ్ల ఊరి కథే గుర్తుచేశాను. నర్సీపట్నం నుంచి ఘాట్ ఎక్కితే చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన్యం పోరాటంలో మొదటి దెబ్బ కొట్టింది ఆ చింతపల్లి పోలీసు స్టేషన్ మీద. 11 తుపాకులు, 5 కత్తులు, 1390 తూటాలు, 14 బాయొనెట్లు పట్టుకెళ్లారు. వెళ్తూ వెళ్తూ రాజు ఏం చేశాడు? ఏమేం తీసుకెళ్తున్నదీ స్టేషన్ రికార్డు పుస్తకంలో రాసి, కింద సంతకం చేశాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆయన సమాధి ఇప్పుడు ఆ కృష్ణదేవిపేటలోనే ఉంది, పిల్లల్లో సగంమంది పిక్నిక్‌కి వెళ్లొచ్చినవాళ్లే. ధైర్యం గురించి వాళ్లకు చిన్నప్పట్నుంచీ చెబుతున్నారు. ఆ పద్దు గురించి ఎవరూ చెప్పలేదు. ‘కొన్ని ఆయుధాలు’ అని రాయలేదాయన. 1390 అని ఉంది. తెల్లవాడి సామ్రాజ్యాన్ని ఎదిరించినవాడే లెక్క రాసి సంతకం పెట్టగలిగితే, ప్రాజెక్టు ఆలస్యమైందని మనం మన సార్‌కి ఒక చీటీ రాయలేమా?

టక్ మని ఒక చప్పుడు

చెప్పడం సరే. అన్నీ పైకి చెప్పాలా? కొన్ని అక్కడికక్కడే సర్దుకోవాలి.

మీరు పాట వింటుంటే మధ్యలో టక్ మని చిన్న చప్పుడు వస్తుంది చూడండి, దాని వెనక ఏం జరుగుతుందో చెబుతాను. సాధారణంగా సెకనుకు 48,000 శబ్ద నమూనాలు చిప్‌కి అందాలి. వాటికోసం మధ్యలో ఒక తొట్టి ఉంటుంది. యాప్ బిందెలతో పోస్తుంది, చిప్ చెంబుతో ముంచుకుంటుంది. 1024 నమూనాల తొట్టి అయితే 21 మిల్లీసెకన్లలో ఖాళీ. యాప్ ఏదో పనిలో పడి ఆలస్యం చేసిందంటే చిప్ చెంబు అడుగుకు తగులుతుంది. దీన్ని లైనక్స్ ఆడియో వాళ్లు ఎక్స్‌రన్ అంటారు.

డ్రైవర్ ఏం చేస్తుంది? అరవదు. కంప్యూటర్ మొత్తాన్ని కూలదోయదు. ప్రవాహం ఆపి, ఎక్స్‌రన్ అయిందని గుర్తు పెడుతుంది. యాప్ ఈసారి బిందె పట్టుకుని వచ్చినప్పుడు మైనస్ 32 అని చేతిలో పెడుతుంది. బుద్ధి ఉన్న యాప్ అయితే ‘సరే’ అని అంతా మళ్లీ సిద్ధం చేసి, ఉన్న చోటు నుంచి మొదలుపెడుతుంది. ఇదంతా ఎంత వేగంగా అయిపోతుందంటే మీకు వినిపించేది ఆ టక్ ఒక్కటే.

మనుషులు ఇలా చేయరు. ఇంటర్వ్యూలో ఒక ప్రశ్నకు నోరు తడబడుతుంది. అంతే, మిగతా అరగంటా ఆ తడబాటునే నెమరేసుకుంటూ మిగతా ప్రశ్నలన్నీ పాడు చేసుకుంటారు. ‘ఆ ప్రశ్న సరిగా అందుకోలేకపోయాను సార్, ఒక్క క్షణం’ అని, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలెట్టండి. ఎదుటివాళ్లకు వినిపించేది ఒక టక్. దాన్ని సైరన్ చేసేది మీరే.

మరీ మొండి తప్పులుంటాయి. వాటికి ఇంకో డ్రైవర్ దారి చూపిస్తుంది. 2004లో ఇంటెల్ తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతి ఇప్పటికీ ఎన్నో లాప్‌టాప్‌లలో ఉంది. దాని లైనక్స్ డ్రైవర్ చిప్‌ని ఏదైనా అడిగితే, చిప్ జవాబు సిద్ధం చేసి గంట కొట్టాలి. కొట్టలేదనుకోండి. డ్రైవర్ గడువు దాకా చూసి, లాగ్‌లో ‘జవాబు రాలేదు, పోలింగ్‌కి మారుతున్నాను’ అని రాస్తుంది. అంటే గంట కోసం ఎదురుచూడకుండా తనే మాటిమాటికీ వెళ్లి తలుపు తడుతుంది. అదీ కాకపోతే గంట కొట్టే పద్ధతినే మారుస్తుంది. ఏదీ పనిచేయకపోతే ఒక్కో మాటే అడిగి ఒక్కో జవాబే తీసుకునే నిదానపు దారికి దిగుతుంది. దిగిన ప్రతి మెట్టూ లాగ్‌లో ఉంటుంది. పాట మాత్రం మోగుతుంది.

లంబసింగి దారిలో పొగమంచు దిగినప్పుడు జీపు డ్రైవర్ చేసేదీ ఇదే. గేరు తగ్గిస్తాడు, లైట్లు వేస్తాడు, మలుపు మలుపుకీ హారన్ కొడతాడు. బండి ఆపి ఏడవడు, చూపించుకోవడానికి పాత వేగంతోనూ పోడు. ఆ లెక్కన మా అమ్మమ్మ అన్నది మరీ తప్పేం కాదు.

ఫిర్యాదుల రాయుళ్లకు ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. లైనక్స్‌లో లాగ్‌కి పట్టీ వేసే ఏర్పాటు ఒకటుంది. ఒకే చోటు నుంచి 5 సెకన్లలో 10 సార్ల కంటే ఎక్కువ అరిస్తే నోరు మూయించి, తర్వాత ‘ఇన్ని అరుపులు ఆపాను’ అని ఒక్క గీత రాస్తుంది. టీ కొట్టు దగ్గర ఒకే మేనేజర్ గురించి రోజూ అరగంట చెప్పే మిత్రుడు మీకూ ఉండే ఉంటాడు. ఆయన చెప్పేది నిజమే కావచ్చు. నిజాన్ని పదకొండోసారి చెబితే వినేవాళ్లు ఉండరు.

517

ఇది ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లల కోసం. కాస్త నిదానంగా చదవండి.

కంప్యూటర్ ఆన్ చేయగానే ఒక్కో డ్రైవర్ లేచి తన పరికరాన్ని వెతుక్కుంటుంది. సౌండ్ కార్డు డ్రైవర్ లేచేసరికి దానికి కావల్సిన కరెంటు సరఫరా చిప్పో, గడియారం చిప్పో ఇంకా నిద్రలేవకపోవచ్చు. పాత రోజుల్లో అయితే ‘కుదర్లేదు’ అని చేతులెత్తేసేది. ఇప్పుడు మైనస్ 517 అని ఒక అంకె ఉంది. దాని అర్థం: ‘నేను చెడిపోలేదు. నాకు కావల్సింది ఇంకా రాలేదు. కాసేపాగి పిలవండి.’ లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ దాన్ని తప్పుల్లో వేయదు. వేరే జాబితాలో రాసుకుంటుంది, కారణం చెబితే కారణం కూడా పక్కన రాస్తుంది. ఆ తర్వాత వేరే ఏ డ్రైవర్‌కి పని కుదిరినా, జాబితాలో ఉన్నవాళ్లందరినీ మళ్లీ పిలుస్తుంది. పక్కవాడికి కుదిరిన ప్రతిసారీ మీకు ఇంకో అవకాశం వస్తుందన్నమాట. మన చుట్టాలు దీన్ని సరిగ్గా తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

పెళ్లిలో భోజనాల దగ్గర మీ పెద్దమ్మ అడుగుతుంది, “ఏరా, ఉద్యోగం వచ్చిందా?” అని. మీరు ముఖం పక్కకు తిప్పుకుంటారు. లేకపోతే ‘వచ్చేస్తుంది పెద్దమ్మా’ అంటారు. మొదటిది మైనస్ 5, రెండోది దొంగ సున్నా. 517 చెప్పండి. “గ్రూప్ టూ రాశాను పెద్దమ్మా, ఫలితాలు రావాలి. ఈలోగా కంప్యూటర్ టైపింగ్ నేర్చుకుంటున్నా.” అంతే. గులాబ్‌జామ్ తినండి. ఏం ఆగిందో, దేని కోసం ఆగిందో తెలిసినవాడిని ఎవరూ రెండోసారి పొడవరు. ఒకవేళ పొడిచారా, పైన చెప్పిన 5 సెకన్ల పట్టీ గుర్తుంచుకోండి.

ఆగడానికి కారణం చెప్పలేకపోతే మాత్రం అది 517 కాదు. అప్పుడు అద్దంలో చూసుకోవాలి.

వినేవాడి వంతు

ఇంతసేపూ చెప్పేవాడి గురించే రాశాను. ఇది సగం. డ్రైవర్ ఎంత శుభ్రంగా మైనస్ 32 ఇచ్చినా, పైనున్న యాప్ ఆ అంకె చూడకుండా పోస్తూనే ఉంటే ఏం లాభం?

అబ్దుల్ కలాం గారు ఎన్నో సభల్లో చెప్పిన సంగతి మీరు వినే ఉంటారు. 1979 ఆగస్టు 10, శ్రీహరికోట, ఎస్‌ఎల్‌వీ-3. రాకెట్ బంగాళాఖాతంలో పడింది. అప్పటి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ గారు విలేకరుల ముందుకు తానే వెళ్లి బాధ్యత నెత్తిన వేసుకున్నారు. ఈ కథను అందరూ నాయకత్వం గురించి చెబుతారు. నాకు మాత్రం అందులో ఇంకో పాత్ర కనిపిస్తుంది, కంప్యూటర్. కౌంట్‌డౌన్‌లో అది ‘ఆపండి’ అంది. నిపుణులు ఫర్వాలేదన్నారు. మిషన్ డైరెక్టర్‌గా తానే దాన్ని దాటి ముందుకు వెళ్లమన్నానని కలాం గారే ఒప్పుకున్నారు. కింది నుంచి మాట వచ్చింది, పైన వినలేదు. ఆ మాట దాచుకోకుండా జీవితాంతం చెప్పారు చూడండి, అది నా లెక్కలో ధవన్ గారి పనికి ఏమాత్రం తీసిపోదు.

రెండో కథ మా జిల్లాకు ఇంకా దగ్గరిది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి నిద్రపోతున్న ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ జులైలో నివేదిక ఇచ్చింది. ఫ్యాక్టరీలో సైరన్ ఉంది. దాన్ని మోగించడానికి గేటుతో కలిపి 36 చోట్ల ఏర్పాటు ఉంది. ఎవరూ మోగించలేదు. ఇందులో వైరు తెగలేదు, బాక్సు కాలలేదు. అక్కడ మాట వచ్చినా వినలేదు, ఇక్కడ మాటే రాలేదు.

అందుకే ఇంట్లోనైనా ఆఫీసులోనైనా మీ కింద ఉన్నవాళ్లు ఎర్ర లైటు గురించి చెప్పడానికి వచ్చినప్పుడు మీ మొదటి మాట ఏమిటో ఒకసారి గమనించుకోండి. ‘ఎవడు చేశాడు’ అన్నారంటే ఇక మీదట మీకు సున్నాలే వస్తాయి. ‘ఎప్పటి నుంచి’ అని అడగండి, ఆ ఎలక్ట్రీషియన్‌లా. ఆయన పదో తరగతి తప్పాడట. ఆ కుర్రాణ్ని ఒక్క మాట అనకుండా ‘టేపు ఇటివ్వు’ అన్నాడు.

డ్యాన్సు ఎనిమిదిన్నరకు మొదలైంది. పాప కాటుక తుడిచి మళ్లీ పెట్టారు. మర్నాడు రాత్రి ప్రోగ్రాం మొదలవకముందే ఆ కుర్రాడు కమిటీ పెద్దాయన దగ్గరికి వచ్చి, “మావయ్యా, ఎడమ బాక్సు గరగరమంటోంది. నిన్నటి వైరే. కొత్త వైరుకు నూట యాభై కావాలి” అన్నాడు. ఆయన జేబులోంచి తీసి ఇచ్చారు.

మీరు కూడా ఈ వారంలో ఎవరికో ఒకరికి ‘అయిపోతుందండీ’ అని చెప్పి ఉంటారు. ఎవరికో గుర్తొచ్చింది కదా. పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే ఫోన్ చేయండి. ఎంత అయిందో, ఎక్కడ ఆగిందో చెప్పేయండి.